తల మీది బిందె

నీళ్ల విలువ నీళ్లు కరువైనప్పుడే తెలుస్తుందంటారు. ఆ మాట మాకు సగమే నిజమనిపిస్తుంది. కరువులో అందరికీ తెలిసేది దాహం. ఆ దాహం తీర్చడానికి ఎవరి మెడ నొప్పి పెట్టిందో చాలామంది మగవాళ్లకు కరువులోనూ తెలియలేదు.

పిల్లలతో ఒక లెక్క చేయించండి. జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు అందాలి. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. బిందెకు 15 లీటర్లు అనుకుంటే 18 బిందెలు తెచ్చినా ఇంకా కొన్ని నీళ్లు తక్కువే. ఒక్కో బిందెలో నీళ్ల బరువే 15 కిలోలు. వాగు నుంచి రోజూ అన్ని మోయడం ఏ తల్లి తరమూ కాదు. అందుకే మన గూడేల్లో స్నానం తగ్గింది, బట్టలుతకడం తగ్గింది, ఎండాకాలం ఆడపిల్ల బడికి రావడమూ తగ్గింది. ఇసుకలో చెలిమె తోడి, బురద నీళ్లు పారబోసి, తేట నీళ్లు ఊరేదాకా కూర్చునేది ఎక్కువగా ఆ పిల్లే. (తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్లని నమ్మడానికీ లేదు.)

నీళ్లను గౌరవించడం మనకు కొత్త కాదు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు కేస్లాపూర్ నుంచి కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి, ఝరిలో గోదావరి జలం తెస్తారు. దారిలో ఝరిని నేల మీద పెట్టరు. వాగు గట్టెక్కే అమ్మ కూడా బిందెను మధ్యలో దించదు, దించితే మళ్లీ తలకెత్తేవాళ్లు ఉండరు. ఆమెకు మనలో ఎవరం మొక్కాం? దేవుడి నీళ్లు వేరు, ఇంటి నీళ్లు వేరు అంటే మేము వాదించం. మోసిన మనిషి గురించే అడుగుతున్నాం.

ఇప్పుడు చాలా గూడేలకు నల్లా వచ్చింది. "ఇంటి ముందుకే నీళ్లిచ్చాం, ఇంకేం కావాలి?" అనే మాటా వెంటే వచ్చింది. సంతోషించాల్సిందే, కానీ దానికి చేతులు కట్టుకోనక్కర్లేదు. శుభ్రమైన తాగునీరు మానవ హక్కని 2010లోనే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ గుర్తించింది. పైపు పగిలి రోజులు గడుస్తుంటే అడగాలి.

నల్లా ఆగిన రోజు మీ ఇంట్లో బిందె ఎవరెత్తుతారని మా తరగతిలో అడిగాం. మగపిల్లలు "అక్క", "అమ్మ" అన్నారు. ఒకడు మాత్రం సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని తానే తెస్తానన్నాడు. మిగతావాళ్లు నవ్వారు.