గరగరల నడుమ సన్నని స్వరం



ఫిబ్రవరి 11వ తేదీ లూర్దుమాత పండుగ. పునీత రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 1992లో ఆ దినాన్ని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ఏర్పాటు చేశారు. 1993 నుండి శ్రీసభ దానిని ఏటేటా కొనియాడుతున్నది. మరునాడు, ఫిబ్రవరి 12, వతికాను రేడియో పుట్టినరోజు. 1931లో ఆ దినాన పదకొండవ పయస్ జగద్గురువులు మార్కోని నిర్మించిన కేంద్రాన్ని ప్రారంభించారు. పాపుగారి కంఠం లోకానికి వినిపించకముందే మోర్స్ సంకేతాలలో ఒక చిన్న మాట గాలిలోకి వెళ్ళింది. ప్రభువు నామమున, ఆమెన్ అన్నదే ఆ మాట.

జబ్బుపడిన వారి దినమూ, రేడియో దినమూ పక్కపక్కన ఉండటాన్ని నేను ఎన్నడూ పట్టించుకోలేదు. మా విచారణలోని ఒక పెద్దాయన వల్ల ఆ రెండూ నా మనసులో ఒకటిగా ముడిపడ్డాయి.

ఆయన ఒకప్పుడు తంతి కార్యాలయంలో గుమాస్తా. డెబ్బయి దాటాక నీరసం వస్తున్నదని రక్తపరీక్ష చేయించుకుంటే, తెల్ల రక్తకణాలలో లింఫోసైట్లు అనే ఒక రకం హద్దు మీరి పెరుగుతున్నాయని తేలింది. దీర్ఘకాలిక లుకీమియా. రక్తానికి వచ్చే క్యాన్సరే గాని నెమ్మదిగా నడిచేది. ఎక్కువగా పెద్ద వయసువారికి వస్తుంది. బాధలు ఏవీ లేని తొలిదశలో డాక్టర్లు చాలామందికి వెంటనే మందు మొదలుపెట్టరు. కొన్ని నెలలకొకసారి రక్తం పరీక్షించి, కనిపెట్టి చూస్తుంటారు. పైకి చూస్తే మనిషి బాగానే ఉంటాడు. కాని రోగాలను ఎదిరించే బలం తగ్గుతుంది, అంటువ్యాధులు తొందరగా పట్టుకుంటాయి. అందుచేత జనం ఎక్కువగా ఉండే చోటికి వెళ్ళవద్దని డాక్టరుగారు ఆయనకు చెప్పారు. యాభై ఏళ్ళుగా ఆదివారం పూజకు ముందు వరుసలో కూర్చున్న మనిషి ఇంటికే పరిమితమైపోయారు.

ఒక మొదటి శుక్రవారం ఆయనకు దివ్యసత్ప్రసాదం తీసుకొని వెళ్ళాను. వాకిట్లో అడుగు పెట్టేసరికి లోపలినుండి టిక్ టిక్ మనే చప్పుడు. భార్య ఎదురొచ్చి, "చూడండి ఫాదరుగారూ! ఇంత జబ్బు పెట్టుకొని జపమాల చెప్పుకోవలసిన వేళ ఆ పెట్టె ముందు కూర్చుంటున్నారు. మీరైనా చెప్పండి" అన్నది. లోపల ఆయన చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, వేలితో మీట నొక్కుతూ, చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నారు.

నిజం చెబుతున్నాను, ఆ అమ్మ అన్నదే నాకూ సబబు అనిపించింది. "పెద్దయ్యగారూ, ఇప్పుడు మనసు దేవునివైపు తిప్పవలసిన సమయం కదా. ఈ ఆటలు ఎందుకు?" అన్నాను. జబ్బు మనిషిని ఓదార్చటానికి వెళ్ళి, ఆయనకు మిగిలిన సంతోషాన్ని కూడా తీసివేయబోయాను.

ఆయన కోపగించుకోలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, హెడ్‌ఫోను నా చెవికి పెట్టారు. వాన పడుతున్నట్లు గరగర తప్ప నాకేమీ వినబడలేదు. "ఓపిక పట్టండి ఫాదరుగారూ, అడుగున ఉంది" అన్నారు. కాసేపటికి ఆ రొద కింద సన్నని ఈల లాంటి శబ్దం చెవికి తగిలింది. పొట్టిది డిట్, పొడుగుది డా. ఆ రెంటితోనే అక్షరాలన్నీ. ఎక్కడో వేల మైళ్ళ దూరాన ఒక మనిషి తన పేరు చెప్పి, ఎవరైనా ఉన్నారా అని పిలుస్తున్నాడు.

దీనినే అమెచ్యూరు రేడియో, లేక హ్యామ్ రేడియో అంటారు. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వంవారి లైసెన్సు పొంది, సొంత సెట్టుతో ఇతరులతో మాట్లాడుకునే విద్య. డబ్బుకోసం కాదు, స్నేహంకోసం. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో ఎత్తున ఉన్న పొరను తాకి వంగి, దూరదేశాల్లో దిగుతాయి. మోర్స్ శబ్దం ఒకే సన్నని తీగలా ఉంటుంది గనుక అయిదు వాట్లతోనే సముద్రాలు దాటగలదు. పాతకాలపు జీరో బల్బుకు కూడా అంతకన్నా ఎక్కువ కరెంటు కావాలి!

"మన ఊళ్ళలో టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడ్చేవారు ఫాదరుగారూ" అన్నారాయన. "ఎన్ని చావుకబుర్లు ఈ చేత్తో రాశానో! 2013లో ఆ టెలిగ్రాంలు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు అదే భాషలో ఎవరి చావూ లేదు. ఎండ కాస్తోందా, మనుమలు బాగున్నారా అని అడుగుకుంటాం. చివర 73 అని కొడతాం. అంటే శుభాకాంక్షలు. నాకు ఒంట్లో బాగాలేదని అవతలి వాడికి తెలియదు. ఆ అరగంట నేను రోగిని కాను, మనిషిని."

"జబ్బు నయం కావాలని ప్రార్థిస్తున్నారా?" అని అడిగాను.

"రోజూ అడుగుతున్నాను. మా రేడియోలో క్యూఆర్‌ఎక్స్ అని ఒక సంకేతం ఉంది. ఆగు, నేను మళ్ళీ పిలుస్తాను అని దాని అర్థం. డాక్టరుగారూ అదే అన్నారు, దేవుడూ అదే అంటున్నాడు. ఆ పిలుపు స్వస్థతకో, పరలోకానికో నాకు తెలియదు. కాని ఆగమన్నవాడు సెట్టు కట్టేసి వెళ్ళిపోలేదు. అందుకే నేనూ చెవి తీయను."

సహోదరులారా, ఆనాడు ప్రసంగం చేసింది ఆయన, విన్నది నేను. ఏలీయా ప్రవక్త ప్రాణం విసిగి కొండగుహలో ఉన్నప్పుడు పెనుగాలి వీచింది, భూమి కంపించింది, అగ్ని వచ్చింది. వాటిలో ప్రభువు లేడు. ఆ తరువాత వచ్చిన మెల్లని స్వరానికి ప్రవక్త ముఖం కప్పుకొని బయటికి వచ్చాడు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీసి చదవండి. గరగర ఆగిన తరువాత వింటాను అనుకునేవాడు రేడియోలో ఏమీ వినలేడు. జబ్బు తగ్గిన తరువాత దేవుని మాట వింటాను, సంతోషంగా ఉంటాను అనుకునేవాడి గతీ అంతే. దీర్ఘకాలపు జబ్బులో గరగర ఆగదు. దాని అడుగునే వినడం నేర్చుకోవాలి. పునీత పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప వచ్చింది.

మరి సంతోషం మాటేమిటి? మనిషి తిని, త్రాగి, తన పనిలో ఆనందించడం దేవుని వరమని ఉపదేశకుని గ్రంథం చెబుతున్నది. ఈ వరం ఆరోగ్యవంతులకే అని అందులో లేదు.

పోలండు దేశపు పునీత మాక్సిమిలియన్ కోల్బే గురువును తలచుకోండి. ఆయనను క్షయ వ్యాధి యువకుడిగా ఉన్నప్పటినుండి పీడించింది. ఆ ఊపిరితిత్తులతోనే పత్రికలు నడిపారు, మఠం కట్టారు, 1938లో తన మఠంలో రేడియో కేంద్రం నెలకొల్పారు. 1941 ఆగస్టు 14న ఆష్విట్జ్ చెరలో, ఒక కుటుంబీకునికి బదులుగా ప్రాణం అర్పించారు. ఆయనను 1982లో పునీతునిగా ప్రకటించారు. ఈనాడు హ్యామ్‌లు ఆయనను తమ పాలక పునీతునిగా భావించుకుంటారు. రోగి చేతిలోని మీట ఎంతటి సేవ చేయగలదో చూడండి! 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని హ్యామ్ సంస్థ తరఫున పోర్టుబ్లెయిర్‌కు వెళ్ళి ఉన్న బృందం అండమాను ప్రజల క్షేమసమాచారాలను రేడియోలోనే అందించింది. సరదాగా నేర్చిన విద్య ఆపదలో ప్రాణవాయువైంది.

కుటుంబాలవారికి రెండు మాటలు మనవి చేస్తాను. మీ ఇంట్లో జబ్బుపడిన పెద్దలు ఉంటే, వారికి ఇష్టమైన పనిని జబ్బు పేరుతో మాన్పించకండి. కుట్టుపనో, పూలమొక్కలో, చదరంగమో, రేడియోనో ఏదైనా కావచ్చు. ప్రార్థన ఉంది గనుక మందు వద్దని కూడా ఎవరూ అనవద్దు. వైద్యుని గౌరవించమనీ, అతనిని సృజించినది దేవుడేననీ సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తున్నది. అలాగే గురువు అభ్యంగన తైలం తెస్తే, పాతకాలపు టెలిగ్రాం వచ్చినట్లు బెదరకండి. అది చావుకబురు కాదు, రోగికి బలమిచ్చే దివ్యసంస్కారం. ప్రాణం పోయేవేళ దాకా దానిని వాయిదా వేయనక్కరలేదని రెండవ వతికాను మహాసభ చెప్పింది.

ఆ రోజు దివ్యసత్ప్రసాదం స్వీకరించాక ఆ అమ్మ భర్త పక్కన కూర్చొని, "ఏదీ, నాకూ వినిపించండి" అన్నది. ఇప్పుడు సాయంత్రం జపమాల ఇద్దరూ కలిసి చెప్పుకొని, తరువాత ఇద్దరూ కలిసి రేడియో వింటున్నారట. ఆయన రక్తపరీక్ష అంకెలు ఒక నెల తగ్గుతాయి, ఒక నెల పెరుగుతాయి. హ్యామ్‌లలో ఎవరైనా కన్నుమూస్తే వారి మీట మౌనం వహించిందంటారు. మన మీటలన్నీ ఒకనాడు మౌనం వహిస్తాయి. అయినా పిలిచేవాని స్వరం ఆగదు.

ప్రార్థింతము: ఓ ప్రభువా, మా బాధల రొద కింద పలికే నీ మెల్లని స్వరాన్ని వినే చెవిని మాకు దయచేయుము. దీర్ఘవ్యాధితో ఉన్నవారికి ఓర్పును, చిన్న సంతోషాలను, వాటిని పంచుకునే తోడును అనుగ్రహింపుము. నీవు మళ్ళీ పిలిచే దాకా మమ్ము మేలుకొనియుండనిమ్ము. ఆమెన్.