బదరీవృక్షము క్రింద పరిచర్య

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–21



ఏలీయా అనగానే మనకు కర్మెలు పర్వతమును, ఆకాశమునుండి దిగిన అగ్నియు జ్ఞాపకమునకు వచ్చును. ఆదివారపు బడి పిల్లలు సహితము ఆ కథ చెప్పగలరు. అయితే దాని తరువాతి అధ్యాయమును మనము త్వరగా దాటిపోవుదుము. అందులో ఆ మహాప్రవక్త ఒక రాణి బెదిరింపునకు జడిసి పరుగెత్తెను. తన దాసుని బెయేర్షెబాలో విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినమంతయు నడచి, బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలునని, తన ప్రాణము తీసికొనుమని దేవుని అడిగెను. పదునెనిమిది సంవత్సరములుగా నేను వాక్యము బోధించుచున్నాను గాని, నిరుటి వరకు ఈ భాగముమీద ఒక్క ప్రసంగమైనను చేయలేదు. ఇప్పుడు ఎందుకు వ్రాయుచున్నానో చెప్పెదను. అది నాకు సిగ్గు కలిగించు సంగతి.

మా పాస్టరేటులో అడవి అంచున ఉన్న ఒక గ్రామములో ఒక చిన్న వయస్సు తల్లి, రెండవ కాన్పు అయిన మూడవ వారమున నిద్రకు దూరమాయెను. బిడ్డను దగ్గరకు తీయదు. వాగులోనుండి ఎవరో పిలుచుచున్నారనును. గాలి సోకినదని ఇరుగుపొరుగువారనిరి. తాయెత్తు కట్టించక నాయొద్దకు వచ్చినందుకు నేను సంతోషించి ప్రార్థన చేసితిని. ఇంటివారు ఆసుపత్రికి కూడ తీసికొనిపోయిరి, డాక్టరుగారు మాత్రలిచ్చిరి. కొన్ని వారములలో ఆమె కుదుటపడెను. అప్పుడొక కూటములో ఆమె సాక్ష్యము చెప్పగా, నేను ఉత్సాహముకొలది, ప్రభువు బాగుచేసిన తరువాత ఇంకను మాత్రలెందుకు అంటిని. ఆ ఒక్క మాటయే. ఆ రాత్రే ఆమె అత్త మాత్రల పొట్లమును పొయ్యిలో వేసెనని తరువాత తెలిసినది.

మూడు వారములు గడచెను. ఒక తెల్లవారుజామున కిన్నెరసానిలో నడుము లోతు నీళ్లలో నిలిచియున్న ఆమెను చేపలు పట్టువారు చూచి ఒడ్డునకు తెచ్చిరి. బ్రదికినది. ఇంటివారు భయముచేత ఆమెను పశువుల కొట్టములో గుంజకు కట్టిరి. నేను పోయి చూచితిని. చంకలో బైబిలు ఉన్నది, నోట మాట లేదు.

మా సంఘపు బిడ్డయే ఒక ఆమె పట్టణములో స్టాఫ్ నర్సుగా పనిచేయుచు, మనోవ్యాధి రోగుల వార్డులో శిక్షణ పొందినది. ఆ వారము సెలవుమీద ఇంటికి వచ్చియుండెను. కబురంపగానే వచ్చి, కొట్టము గడపలోనే నాతో అనెను: "అయ్యగారూ, ముందు ఆ తాడు తీయించండి."

"తీస్తే మళ్లీ వాగుకు పోద్ది బిడ్డా," అన్నది అత్త.

"పోకుండ నేను పక్కనే కూసుంటా పెద్దమ్మా. తర్వాత మీరు వంతులేసుకోండి. రాత్రి గూడ ఒక్క గడియ ఒంటరిగా వదలొద్దు."

తాడు తీసిరి. నర్సమ్మ ఆమె ప్రక్కన నేలమీద కూర్చుండి, చాలసేపు ఏమియు అడుగలేదు. తరువాత వేడినీళ్లు పెట్టించి, తలకు నూనె రాసి, చిక్కు తీసి, స్నానము చేయించెను. రాగి జావ గ్లాసుతో ఇచ్చి, రెండు గుక్కలు త్రాగి వద్దనగా బలవంతపెట్టక, కొంతసేపటికి మరల ఇచ్చెను. పసిబిడ్డను అత్తచేతికి అప్పగించి, తల్లికి రాత్రి నిద్ర దొరకునట్లు చేసెను. ఇంటిలో మిర్చి తోటకు తెచ్చిన పురుగుల మందు డబ్బా ఉండగా, దానిని వేరొక యింట తాళము వేసి దాపించెను. అది నాకు ఎన్నడును తోచియుండలేదు. వాగులోనుండి పిలుచుచున్నారని ఆమె అన్నప్పుడు, నర్సమ్మ అబద్ధమనలేదు, అవుననియు అనలేదు. "నీకు వినబడతాంది, భయమైతాంది. నేనిక్కడే ఉన్నా," అనెను. మరునాడే ఆమెను తిరిగి డాక్టరుగారి యొద్దకు తీసికొనిపోయిరి.

ఆ మధ్యాహ్నము కొట్టము బయట కూర్చుండి నేను ఏలీయాను చదివితిని. దేవుడు ఆ చెట్టు క్రిందికి బోధకుని పంపలేదు. దూతను పంపెను, ఆ దూత మొట్టమొదట చేసినది ముట్టుట. తలయొద్ద వేడి అప్పమును నీళ్లును ఉండెను. ప్రవక్త తిని మరల పండుకొనగా దూత కోపపడలేదు. నిద్రపోనిచ్చి, రెండవసారి వచ్చి, రెండవసారి తినుమని చెప్పెను. ఈ ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొనెను గాని, కర్మెలుమీద నిలిచినవాడవు ఇదేమి పిరికితనమని అనలేదు. నేనైతే అదే అనియుందును. తరువాత హోరేబులో దేవుడు అతనిని ప్రశ్న అడిగెను; అతడు తన మొర చెప్పుకొనెను. మరల అదే ప్రశ్న, మరల అదే మొర, మాట మార్చకుండ. దేవుడు రెండుసార్లును వినెను. మనము మొదటిసారి సగములోనే ఆపి, విశ్వాసముంచుము అనుచుందుము.

నర్సులు చేయు పనికి మన భాషలో పరిచర్య అని పేరు. సంఘములో మేము చేయు పనికిని అదే పేరు. అయినను మా పరిచర్యకు శిక్షణ కావలెనందుము, వారిది చేతిపని అనుకొందుము. క్రిమియా యుద్ధకాలమున 1854లో స్కుటారి ఆసుపత్రికి వెళ్లిన ఫ్లారెన్సు నైటింగేలు దీపము పట్టుకొని తిరిగినదని మాత్రమే మనము చెప్పుకొందుము. ఆమె చేత దీపముతోపాటు లెక్కల పుస్తకము కూడ ఉండెను. ఎందరు చనిపోయిరి, గాయములచేతనా, మురికిచేత పుట్టిన రోగములచేతనా అని లెక్కకట్టి చూపెను. ప్రేమించువాడు లెక్క చూచును. ఏది రోగికి మేలు చేసినది, ఏది కీడు చేసినది అని పరీక్షించుట అవిశ్వాసము కాదు. నేనే ఆ పని చేసియుంటే మాత్రల పొట్లము పొయ్యిలో పడియుండదు.

మన తెలంగాణములోనే 1915లో ఇసబెల్ కెర్ దొరసానిగారును ఆమె భర్తయు డిచ్‌పల్లిలో కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించిరి. ఊరి వెలుపలికి నెట్టబడినవారిని చేతులతో ముట్టి, కట్లు కట్టి, సూదిమందు వేసిరి. ఈనాడు కుష్ఠు మందులతో నయమగునని మన గూడెములలో కూడ తెలియును. మనోవ్యాధికి మాత్రము ఆ తెలివి ఇంకను రాలేదు. ఎవరైన కొంచెము తేడాగా మాటలాడిన యెడల "ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుదుము. ఎర్రగడ్డ అనగా రోగులు బాగుపడుటకు పోవు ఆసుపత్రి. అది ఎగతాళి మాట ఎట్లాయెనో ఆలోచించుడి.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రము తెరచినప్పుడు, రోగిని ఒంటరిగా చేర్చుకొనక, ఇంటివారొకరు తోడుండవలెనని ఏర్పాటు చేసిరి. అంతకుముందే అమృత్‌సర్‌లో డాక్టరు విద్యాసాగర్ గారు రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలో గుడారములలో ఉంచిరి. అక్కడ ఇంటివారే పరిచర్య నేర్చుకొందురు. రోగి తిరిగి పోవలసినది ఇంటికే గదా.

ఇంటి సంగతి ఎంత పెద్దదో వినుడి. లండనులో జార్జ్ బ్రౌన్ అను పరిశోధకుడును, ఆయన తరువాత మరి కొందరును, స్కిజోఫ్రీనియా అను వ్యాధి తగ్గి ఇంటికి చేరినవారిని వెంబడించి చూచిరి. ఇంటివారు ఎన్నిసార్లు తప్పుపట్టుదురు, ఎంత కసురుదురు, ఎంత అతిగా కలుగజేసికొందురు అని లెక్కించిరి. 1976లో లెక్కలన్నియు కలిపి చూడగా, అట్టి ఇండ్లకు పోయినవారిలో తొమ్మిది నెలలలోపల నూటికి 51 మందికి వ్యాధి తిరుగబెట్టెను. నెమ్మదిగల ఇండ్లకు పోయినవారిలో 13 మందికే. 1987లో చండీగఢ్ ప్రాంతపు లెక్కలు వెలువడినవి. అక్కడ దెప్పుమాటల ఇండ్లు లండనులో కంటె తక్కువ, వ్యాధి తిరుగబెట్టుటయు తక్కువ. నాలుకను గూర్చి యాకోబు వ్రాసినదానిమీద నేను చాలసార్లు ప్రసంగించితిని గాని, అది ఔషధశాస్త్రమని నాకు తెలియదు.

ప్రార్థన మానుమని ఎవరును అర్థము చేసికొనవద్దు. షుగరు మాత్రలు ఏండ్ల తరబడి వాడు పెద్దలు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారిని అవిశ్వాసులని అనుచున్నామా? నేను రక్తపోటు మాత్ర వేసికొనియే ప్రసంగవేదిక ఎక్కుదును. అయితే ఎక్కడనైనను, ప్రార్థన గుడిసె పేరు చెప్పియైనను, రోగిని కట్టివేయువారికి ఒక మాట చెప్పవలెను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో బంధింపబడిన మానసిక రోగులు, పాకకు నిప్పంటుకొనగా కదలలేక కాలిపోయిరి. ఇరువది ఎనిమిదిమంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగానైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది. గెరాసేనుల దేశములో యేసుప్రభువు సమాధులలోనున్నవానిని బాగుచేసిన పిమ్మట, వాడు తన వెంట వచ్చెదనని బతిమాలినను ఒప్పుకొనక, ఇంటికి పొమ్మనెను (మార్కు 5). ఇల్లు వానిని చేర్చుకొనెనో లేదో అక్కడ వ్రాయబడలేదు.

మీ ఇంటిలో గాని పొరుగున గాని నిద్రలేక, తిండిలేక, చావు మాటలాడువారున్న యెడల రేపటికి ఆపవద్దు, ఒంటరిగా విడువవద్దు. 14416 అను నంబరునకు ఫోను చేసిన యెడల తెలుగులోనే మాటలాడుదురు; దీనిని ప్రభుత్వము 2022లో ప్రారంభించినది, ఖర్చులేదు. బాలింతరాలు రాత్రులు నిద్రపోక, లేని మాటలు వినుచున్నయెడల ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపొండు. డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపుట డాక్టరు పని. నాది కాదు, ఏ బోధకునిది కాదు.

ఏలీయా కథలో మిగిలినది ఒకటి ఉన్నది. దేవుడు అతనిని వచ్చిన త్రోవనే మరల పంపెను, చేయుటకు పని ఇచ్చెను, ఒంటరిగా విడువక ఎలీషాను తోడు ఇచ్చెను. ఎలీషా అతని వెంట నడచి ఉపచారము చేసెను.

మా గ్రామములో ఆ తల్లికి వారము వారము ఇంటింటికి పోయి పిడికెడు బియ్యము పోగుచేయు పని సంఘపు స్త్రీలు అప్పగించిరి. మొదటి వారము రెండిండ్లవారు తలుపు తీయలేదు. అత్త కూడ వెళ్లి, తానే తలుపు తట్టి, "మా కోడలొచ్చింది, బియ్యం తెండి," అని పిలిచెను. ఇప్పుడు ఆమె ఒక్కతెయే వెళ్లుచున్నది. సంచి భుజమున, బిడ్డ చంకన. మాత్రలు రాత్రి భోజనమైన తరువాత అత్తయే చేతిలో పెట్టుచున్నది.