అసంపూర్ణమైన పనిని అమ్ముకొనువాని ధర్మము

కాయకమనగా ఒళ్లు వంచి పనిచేయుట మాత్రమే యని మనలో పలువురి తలంపు. చేసిన వస్తువును అంగడికి తెచ్చినప్పుడు పలుకు మాటయు కాయకములోనిదే. మోళిగె మారయ్య కట్టెల మోపును, మేదర కేతయ్య బుట్టలను, నులియ చందయ్య గడ్డి త్రాళ్లను అమ్మి జంగమదాసోహము సల్పిరి. ఆ బుట్ట అల్లుట ముగిసినది, ఆ త్రాడు పేనుట ముగిసినది. కొనువాడు చేతితో లాగి చూచుకొనవచ్చును. సగములో నిలిచిపోయిన పనిని అమ్మువాని సంగతి యట్లు కాదు. దాని మంచిచెడ్డలు సగము వస్తువునందును, సగము అమ్మువాని మనస్సునందును ఉండును.

అమెరికా దేశమున హాట్ రాడ్ అనబడు ఒక తరహా మోటారు కారు కలదు. 1932లో ఫోర్డు కంపెనీ 65 గుర్రముల శక్తి గల వి-8 ఇంజనుతో సామాన్యులు కొనదగిన కారును తెచ్చినది. దక్షిణ కాలిఫోర్నియా యువకులు అట్టి కార్లను, అంతకు ముందటి మోడల్ ఎ కార్లను పాతవిగా కొని, చక్రములపై రేకులను ఊడదీసి, బరువు తగ్గించి, ఇంజనుకు పదును పెట్టి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ అను ఎండిన సరస్సుల నేలపై వేగమును పరీక్షించుకొనెడివారు. ఈ పరీక్షలను క్రమబద్ధము చేయుటకే 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడినది. ఆనాటి రూపమున, ఆనాటి సామగ్రితో నేడు కూర్చబడు కారును సంప్రదాయ హాట్ రాడ్ అందురు. గృహస్థులు సెలవు దినములలో ఇంటి షెడ్డులోనే ఒక్కొక్క భాగమును సమకూర్చుకొనుచు ఏండ్ల తరబడి దీనిని చేయుదురు. ముగియకయే అమ్మకమునకు వచ్చునవి పెక్కు. సొమ్ము చాలదు, నడుము సహకరింపదు, బిడ్డల చదువు మీదికి వచ్చును. ఇది సోమరితనమని నిందించుట నాకు సమ్మతము కాదు. గోడలు లేచి కప్పు పడని ఇండ్లు మన ఊళ్లలో మాత్రము ఎన్ని లేవు!

కాలిఫోర్నియాలో ఉద్యోగము చేయుచున్న నా పూర్వవిద్యార్థి యొకడు అట్టి కారును నాలుగేండ్లు బాగుచేసి, వేరొక రాష్ట్రమునకు బదిలీ యగుటచే అమ్మదలచి నాకు వ్రాసెను. పని నేర్చుకొను దినములలో అతడు చట్రమునకు వేసిన వెల్డింగు అతుకు ఒకటి కలదు. అది గట్టిదని అతనికే నమ్మకము లేదు. పైన నల్లరంగు పూసినందున ఎవరికిని కనబడదు. ఉన్నది ఉన్నట్లుగా అను షరతుపై అమ్మినచో పూచీ ఉండదని మిత్రులు చెప్పిరట. అడుగనివానికి కూడ చెప్పవలెనా యని అతని ప్రశ్న.

మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణములు కలవు. ఒకడు జబ్బు గుర్రమును వేలములో అమ్మి దాని జబ్బును గూర్చి మౌనము వహించినచో అది మోసము కాదట. కొనునది ఇటీవలనే యుక్తవయస్సు వచ్చిన తన కుమార్తె యైనచో మాత్రము చెప్పుట తండ్రి విధి యట. గుర్రము అదే, జబ్బు అదే. మారినది బంధుత్వ మొక్కటే. వచ్చినవానిని పరాయివాడని యెంచక మన ఇంటివాడని యెంచుమని బసవేశ్వరులు బోధించిరి గదా! అట్లయిన మనకు ఆ రెండవ ఉదాహరణమే వర్తించును. వేలములోని అపరిచితుడు శరణునకు ఎక్కడ దొరకును?

కొనువాడు తన కన్నులతో చూచుకొనవలెనని వాదించువారు కలరు. అది నిజమే. తుప్పును చూడవచ్చును, టైర్లను తట్టి చూడవచ్చును, చట్రముపై నంబరు యాజమాన్యపు పత్రముతో సరిపోయినదో లేదో పోల్చవచ్చును. అంత మాత్రము చేయని కొనుగోలుదారునిపై నాకు జాలి తక్కువ. కాని రంగు క్రింది అతుకును చూచు కన్ను ఎవనికిని లేదు. ఆ కారులో రేపు అతని భార్యాబిడ్డలు కూర్చుందురు.

ఇంకొక చిక్కు కలదు. 1932 నాటి నమూనాలో క్రొత్తగా ఉక్కుతోను, ఫైబరుతోను చేసిన బాడీలు కూడ నేడు దొరకును. క్రొత్తది వాడుట దోషము కాదు. దానిని పాతదిగా చెప్పుటయో, కొనువాడు పాతదిగా తలచుచుండగా ఊరకుండుటయో దోషము.

ఇక వెల. నాలుగేండ్ల ఆదివారములకు వెల కట్టుమని అమ్మువాని మనస్సు పోరును. కొనువానికి ఆ శ్రమలో కొంత ఉపయోగపడును, కొంత విప్పి మరల చేయవలసిన భారమగును. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము ఏరి తెచ్చినప్పుడు, తిరిగి అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ పంపినది. ఆ బియ్యము దొంగిలించినది కాదు, నేలరాలినదే. అయినను తమది కాదని ఆమె యెంచినది. పూర్తియైన కారుపై ఆశను చూపి, పూర్తికాని కారునకు పుచ్చుకొను అధికపు సొమ్ము నాకట్లే తోచును.

అతుకు సంగతి ముందుగా చెప్పుమనియు, వెల తగ్గిన తగ్గనిమ్మనియు అతనికి వ్రాసితిని. విప్పిన కారులో మరలు, బోల్టులు డబ్బాలలో ఉండును. ఏది ఎచ్చటిదో విప్పినవానికి తప్ప తెలియదు. ఆ తెలివి అమ్మువానితో పోయినచో కొన్నవానికి మిగులునది ఇనుపముక్కలే. కావున ఏ డబ్బాలో ఏమున్నదో, ఏ పని ఎంతవరకు జరిగినదో, ఏది తనకు చేతకాక విడిచినాడో కాగితముపై వ్రాసి బండితోపాటు ఇమ్మని కూడ చెప్పితిని. దానికి వేరుగా వెల అడుగవద్దంటిని.