వృద్ధాశ్రమం గుమ్మం దగ్గర మన బాధ్యత ముగుస్తుందా?



ఇంట్లో చూసుకోలేని స్థితికి వచ్చిన తల్లినో తండ్రినో వృద్ధాశ్రమంలో చేర్చడం తప్పా? మన సంఘాల్లో ఈ ప్రశ్నను గూర్చి పైకి ఎవరూ మాట్లాడరు. ఆరాధన ముగిసి మెట్లు దిగేటప్పుడు మాత్రం ఒకరి చెవిలో ఒకరు అనుకుంటారు. "ఫలానావాళ్ళు వాళ్ళమ్మను ఆశ్రమంలో వేశారట" అన్న ఆ 'వేశారట' అనే మాటలోనే మన తీర్పు ఉంది. దాన్ని విన్న కుటుంబం మరుసటి ఆదివారం నుండి వెనుక బల్లలో కూర్చుంటుంది.

ఈ ప్రశ్నకు మనలో రెండు జవాబులున్నాయి. కన్నవాళ్ళను పరాయి చేతుల్లో పెట్టడం ఎంత గొప్ప ఆశ్రమమైనా తప్పేనని కొందరంటారు. నెలనెలా డబ్బు కడుతున్నాము, ఇంట్లోకంటే అక్కడే బాగుంటుంది, ఇంకేం కావాలని మరికొందరంటారు. ఈ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నాకిప్పుడు అనిపిస్తుంది. మంచిచెడ్డలన్నీ చేర్చిన రోజునే తేలిపోతాయని ఇద్దరూ అనుకుంటున్నారు. అలా తేలవని నేను ఆలస్యంగా, మా అమ్మ ఒంటిమీద పుండు చూసి నేర్చుకున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా తాత కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చినవాడు. మీ తాతలు రైలు పనికి హుబ్లీకో, మగ్గాల పనికి సోలాపూర్‌కో, మిల్లు పనికి బొంబాయికో వెళ్ళి ఉంటారు. వాళ్ళు భాషను, పాటను, సంఘాన్ని వెంట తెచ్చుకున్నారు గాని ఊళ్ళోని పినతల్లులను, మేనత్తలను, పక్కింటి ముసలమ్మను తేలేకపోయారు. మంచాన పడ్డ మనిషిని చూడడానికి నలుగురైదుగురి చేతులు కావాలి. ఊళ్ళో ఆ చేతులు అడగకుండానే వచ్చేవి. 2001లో గనులు మూతబడి మేము బెంగళూరు చేరాక మా ఇంట మిగిలినవి నా చేతులు, నా భార్య చేతులు మాత్రమే. ఆ రెండు జతలూ ఉదయం ఎనిమిదికి ఉద్యోగానికి పోవలసినవే.

అమ్మకు 2017లో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. రెండేళ్ళు ఇంట్లోనే చూసుకున్నాము. పగటికి పెట్టుకున్న ఆయా చెప్పకుండా మానేసిన ఒకరోజు అమ్మ మంచం మీదనుండి జారి, సాయంత్రం మేము తలుపు తీసేదాకా నేలమీదనే ఉంది. ఇంట్లో ఉంచుకోవడమే ప్రేమ అనేవారు ఆ సాయంత్రాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా పడి ఉండడం ఏ ఆశ్రమంకన్నా మేలు కాదు.

తరువాత ఒక ఆశ్రమం చూడబోయాము. పేరు చెప్పను. గోడమీద వాక్యాలున్నాయి, నేల నిగనిగలాడుతోంది, ముందు చిన్న తోట ఉంది. పగలు పదకొండింటికి, ముందుగా ఫోన్ చేసి వెళ్ళాము. గది చూశాము, భోజనం పట్టిక చూశాము, ప్రార్థన ఉంటుందా అని అడిగాము, అడ్వాన్సు కట్టి వచ్చేశాము.

మూడో నెలలో మద్రాసునుండి అక్క వచ్చి, అమ్మ బట్టలు మార్చుతూ దుప్పటి తీసింది. నడుం కింద ఎముక దగ్గర అరచేయంత పుండు. రెండు మడమలూ నల్లబడి ఉన్నాయి. "పెద్ద వయసు కదండీ, ఇవన్నీ మామూలే" అన్నారు అక్కడివాళ్ళు. "మామూలు కాదు, ఈమెను పక్కకు తిప్పలేదు" అన్నాడు డాక్టరు. రాత్రిపూట నలభైమందికి ఇద్దరే ఆయాలని అప్పుడు తెలిసింది. వాళ్ళది ఉత్తరాది, హిందీ తప్ప మరొకటి రాదు. అమ్మ యాభై ఏళ్ళు కన్నడం ధారాళంగా మాట్లాడిన మనిషి, కాని జబ్బు తరువాత తెలుగు ఒక్కటే మిగిలింది. రోజూ "వీపు మంట పుడుతోందే అమ్మాయీ" అనేదట. ఏదో కలవరిస్తోందనుకొని ఆ పిల్ల దుప్పటి ఇంకా పైకి కప్పేదట.

తప్పు ఆశ్రమానిది, సందేహం లేదు. అయితే నా తప్పు కూడా నాకు కనబడింది. నేను ఆ స్థలాన్ని చూడడానికి వెళ్ళలేదు, నా మనసును నెమ్మదిపరచుకోవడానికి వెళ్ళాను. అందుకే నెమ్మదినిచ్చేవే చూశాను. గోడమీది వాక్యం అమ్మను రాత్రి పక్కకు తిప్పుతుందా అని అడగలేదు.

అప్పటినుండి తెలుసుకున్న సంగతులు చెబుతాను. మొదట పేర్ల తికమక ఉంది. మన దేశంలో 'నర్సింగ్ హోమ్' అని బోర్డున్నది సాధారణంగా చిన్న ఆసుపత్రి. 'వృద్ధాశ్రమం' అన్నవాటిలో చాలావరకు తమంతట తాము నడిచి, తినగలిగినవారికే. మంచాన ఉన్నవారిని తీసుకుంటారా, జబ్బు ముదిరితే ఉంచుకుంటారా లేక ఇంటికి పంపేస్తారా, ఇది మొట్టమొదట అడగాలి.

అమెరికాలో 1987లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ తనిఖీదారులు ముందుగా చెప్పకుండా ఇటువంటి గృహాలకు వస్తారు. వారు కనుగొన్నవి ప్రజలు చూడవచ్చు. 2008 నుండి ఒక్కొక్క గృహానికి నక్షత్రాల గుర్తులు కూడా ఇస్తున్నారు. మనకు 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పోషణ కోసం పెద్దలు ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. చూడవలసినవారే పెద్దలను ఎక్కడో వదిలేస్తే మూడు నెలలవరకు జైలు, లేదా అయిదువేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మంచి చట్టమే. కాని ప్రతి ఆశ్రమానికి అలా మార్కులు వేసి మన చేతికిచ్చే ఏర్పాటు మనకు లేదు. కాబట్టి మనమే తనిఖీదారులం.

ఏమి చూడాలి? చెప్పకుండా వెళ్ళాలి. ఒకసారి భోజనం వేళకు, ఒకసారి రాత్రి ఎనిమిది దాటాక, ఒకసారి సెలవురోజున వెళ్ళాలి. అన్నం పెట్టేటప్పుడు మనిషిని కూర్చోబెడుతున్నారా, ముద్ద మింగేదాకా ఆగుతున్నారా? పడుకోబెట్టి గబగబా కుక్కితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. నీళ్ళ గ్లాసు బాగున్న చేతికి అందే పక్కన ఉందా? ముసలితనంలో దాహం సరిగా తెలియదు, అడగలేదని ఊరుకుంటే ఒళ్ళు ఎండిపోతుంది.

రాత్రి ఎంతమందికి ఎంతమంది ఆయాలు, వాళ్ళు ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారు అని అడగాలి. నెలకొకరు మారే చోట ఏ ముసలమ్మకు ఏ పక్క నొప్పో ఎవరికీ తెలియదు. కదలలేనివారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం వాడుక. తిప్పిన వేళ రాసే పుస్తకం ఉంటే చూపించమనండి. తరువాత సిగ్గుపడకుండా దుప్పటి తీసి మడమలు, తుంటి, నడుం కింద ఎముక చూడండి. వేలితో నొక్కినా పోని ఎరుపు మొదటి గుర్తు. మన నల్లని ఒంటిమీద ఎరుపు కనబడకపోవచ్చు. చుట్టుపక్కలకంటే నల్లగానో, వేడిగానో, గట్టిగానో ఉంటే అదే పుండుకు ఆరంభం.

స్నానాలగదిలో నేల పొడిగా ఉందా, గోడకు పట్టుకునే కడ్డీ గట్టిగా ఉందా, రాత్రి దీపం వెలుగుతుందా? మంచం పక్కన గంట ఉంటే మీరే నొక్కి, ఎవరైనా వస్తారేమో గడియారం చూస్తూ నిలబడండి. రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, నిప్పు అంటుకుంటే మేడమీది మంచాలను ఎవరు దింపుతారు, గుండెనొప్పి వస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకుపోతారు అని అడగండి. మీరు వెళ్ళిన ప్రతిసారీ అమ్మ మత్తుగా నిద్రపోతూ ఉంటే మందుల చీటీ చూడండి. అరుస్తున్నారని నిద్రమాత్ర వేయడం, పీకేసుకుంటున్నారని చేతులు కట్టేయడం పని తగ్గించుకునే దారులు. అరుపు వెనుక నొప్పో, మలబద్ధకమో, ఆపుకోలేని మూత్రమో ఉండవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి చెబుతాను. ఎవరూ చూడడానికి రాని ముసలివారి మంచం దగ్గరికి వెళ్ళి నిలబడండి. ఆ దుప్పటి, ఆ గోళ్ళు, ఆ పెదవులు ఎలా ఉన్నాయో చూడండి. మీరు రావడం తగ్గించిన రోజున మీ అమ్మ అలాగే ఉంటుంది.

ఇలా వెదకి చూడడం ప్రేమలేని పని కాదా, సేవచేసేవారిని అనుమానించడం కాదా అని ఒక సహోదరుడు నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మనం చేయలేక వదిలిన పనిని కొద్ది జీతానికి చేస్తున్న ఆయా మీద పోలీసులా విరుచుకుపడడం అన్యాయం. ఆమెను పేరు పెట్టి పిలవాలి, భోంచేసిందా అని అడగాలి. కాని ఇరవైమందికి ఒక్కతిని పెట్టిన యజమాని పొరపాటుకు కూడా ఆమెనే నిందిస్తాడు. మనం చూసి, యజమానిని అడగడం ఆమెకు కూడా రక్షణ. ఇక్కడ మన కపటం కూడా ఒప్పుకోవాలి. తక్కువ డబ్బు ఎక్కడని వెదికి చేర్చి, ఎక్కువ చేతులు ఎందుకు లేవని అడుగుతాము. సౌకర్యాలకు ఇచ్చే డబ్బు మనుషులకు ఇస్తే చాలా పుండ్లు పడవు.

తల్లిదండ్రులను గౌరవించాలన్న ఆజ్ఞలో వారు ఏ ఇంట్లో ఉండాలో లేదు. ప్రభువు సిలువమీదనుండి తన తల్లిని మరొకరి ఇంటికి అప్పగించాడు. కాని తానెరిగిన మనిషికి అప్పగించాడు. ఒళ్ళు కడిగే పనిని, అన్నం పెట్టే పనిని ఇంకొకరితో పంచుకోవచ్చు. ఎలా ఉందో చూసే పనిని మాత్రం అడ్వాన్సుతోపాటు అప్పగించలేము. చేర్చినందుకు నా మనసు ఇప్పుడు నన్ను నిందించదు. మూడు నెలలు దుప్పటి తీయనందుకు నిందిస్తుంది.

అమ్మను తరువాత ఇద్దరు రిటైరైన నర్సులు నడిపే పాత ఇంటికి మార్చాము. అక్కడ తోట లేదు, గోడ పెచ్చులూడి ఉంది. రాత్రి ఆరుగురికి ఒక ఆయా. తెలుగు రాదు. అందుకని నొప్పి, మంట, దాహం, చలి, ఒంటికి, చాలు అంటూ ఇరవై తెలుగు మాటలను కన్నడ లిపిలో రాసి, అర్థం పక్కన పెట్టి మంచం తలాపున అంటించాము. వారం తిరిగేసరికి ఆ పిల్ల అమ్మతో "నొప్పా? ఎక్కడ?" అని అడగసాగింది. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. అమ్మ ఇంకా ఏడాదిన్నర బతికింది. అక్కడ బాగుందని ఆమె ఎన్నడూ చెప్పలేదు. వెళ్ళిన ప్రతిసారీ "ఇంటికెప్పుడు నాయనా?" అనే అడిగేది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఈనాటికీ లేదు. ముందే ఆమెను వెంటబెట్టుకుపోయి చూపించి, నీకిక్కడ సరేనా అని ఒక్కమాట అడిగి ఉండవలసింది.

సంఘాల పెద్దలకు ఒక మనవి. మన పట్టణాల ఆశ్రమాల్లో తెలుగు ముసలివారు ఎందరున్నారో ఒక జాబితా రాయండి. పదిహేను రోజులకొకసారి ఇద్దరేసి, చెప్పకుండా, వేరువేరు వేళల్లో వెళ్ళిరండి. పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారు, పిల్లలే లేనివారు ఆ జాబితాలో ముందుండాలి. పాట పాడి వచ్చేయకుండా తెలుగులో మాట్లాడండి, చెప్పింది వినండి, మడమలు చూడండి. చెడు కనబడితే మొదట యజమానితో, వినకపోతే వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన 14567 నంబరుకు చెప్పండి. ఆ ఫోన్‌కు డబ్బు పడదు.

ఇక మీదట ఎవరైనా తమ అమ్మను ఆశ్రమంలో చేర్చారని వింటే మెట్లమీద గుసగుసలాడకుండా, ఎప్పుడు చూడబోతున్నారు, మేమూ రావచ్చా అని అడుగుదాం.