అన్న ఆశ, తమ్ముడి భయం

విజయవాడ ఆటోనగర్‌లో ఇద్దరు అన్నదమ్ములు కరెంటు ప్యానెళ్లు తయారు చేసేవారు. వాటికి కావలసిన టెర్మినల్ బ్లాకులు, కనెక్టర్లు చైనా నుంచి తెప్పించుకునేవారు. అన్నకి లాభం ముఖ్యం, తమ్ముడికి నిద్ర ముఖ్యం.

ఒకసారి ఓడ ఇంకా దారిలో ఉండగానే అన్న సుంకాల పట్టిక ముందేసుకుని కూర్చున్నాడు. వెయ్యి వోల్టుల లోపు కరెంటు తీగల్ని కలిపే సామాన్లు 8536 శీర్షిక కింద ఉన్నాయి. వాటి విడిభాగాలు 8538 కింద ఉన్నాయి. రెండోదానికి సుంకం రెండున్నర శాతం తక్కువ. చూడగానే అన్నకి ప్రాణం లేచొచ్చింది.

"ఇవన్నీ మనం ప్యానెల్లో బిగించేవేగా తమ్ముడూ. అంటే ప్యానెల్‌కి భాగాలే. అలాగే రాయించేద్దాం."

"ప్లగ్గు కూడా భాగమేనా అన్నయ్యా?"

"దేనికో ఒకదానికి భాగం కాని వస్తువు లోకంలో ఏదుందిరా?"

కస్టమ్స్ బ్రోకరు కాస్త నసిగాడు. పార్టీ మాట కాదనలేక చివరికి అలాగే బిల్ ఆఫ్ ఎంట్రీ వేశాడు.

సరుకు తనిఖీకి పడింది. రిటైర్మెంటుకి దగ్గరపడిన అధికారి ఒకాయన షెడ్డులో పెట్టె విప్పించి, బొటనవేలంత టెర్మినల్ బ్లాకు ఒకటి బయటికి తీశాడు. బూడిదరంగు ప్లాస్టిక్ ఒళ్లు, లోపల ఇత్తడి పలక, ఆ చివరా ఈ చివరా రెండు స్క్రూలు. ఒక పక్క రాగితీగ ముక్క దూర్చి స్క్రూ బిగించాడు. రెండో పక్క ఇంకో ముక్క దూర్చి బిగించాడు. రెండు తీగల్నీ పట్టుకుని గట్టిగా గుంజాడు. ఊడి రాలేదు.

"తీగకి తీగ కలిసిందా?"

"కలిసింది సార్."

"కలపడానికి మీ ప్యానెల్ అవసరమైందా?"

అన్న నోరు మెదపలేదు. తేడా సుంకం కట్టాడు, దాని మీద వడ్డీ కట్టాడు, ఆపైన జరిమానా కట్టాడు. ఈ తతంగం తేలేదాకా కంటెయినరు కదలక డెమరేజ్ తడిసి మోపెడైంది.

మరుసటి సరుకు నాటికి పెత్తనం తమ్ముడి చేతికొచ్చింది. "పెట్టెలో ఏమున్నా 8536లో వేసేయండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా పర్లేదు, మళ్లీ ఆ షెడ్డు గొడవ మాకొద్దు" అని బ్రోకరుకి చెప్పాడు. ఈసారీ తనిఖీకి పడింది. ఆ పెద్దాయనే వచ్చాడు.

మొదటి పెట్టెలో కనెక్టర్ల ప్లాస్టిక్ గూళ్లు. "దీంతో తీగలు కలపండి చూద్దాం."

"లోపల పిన్నుల్లేవు సార్. అవి మేం ఇక్కడ వేసుకుంటాం."

"మరిది ఇంకా కనెక్టరు కాలేదుగా. విడిభాగమంటే ఇదీ."

రెండో పెట్టెలో కొలతకి కోసి, రెండు చివరలా కనెక్టర్లు బిగించిన కేబుళ్లు. ధరలో ముప్పాతిక వంతు కనెక్టర్లదేనన్నాడు తమ్ముడు. పెద్దాయన పట్టికలో 8544 దగ్గర వేలు పెట్టి చదివించాడు. ఇన్సులేషన్ ఉన్న తీగలు, కేబుళ్లు, కనెక్టర్లు బిగించి ఉన్నా లేకపోయినా, అని అక్కడే అచ్చై ఉంది.

మూడో పెట్టెలో విడిగా వచ్చిన ఉక్కు స్క్రూలు.

"ఇవి మా టెర్మినళ్ల కోసమే ప్రత్యేకంగా చేయించాం సార్!"

"ఆ సంగతి స్క్రూకి తెలీదు బాబూ. ఉక్కు స్క్రూ 7318లోకే పోతుంది." చేతులు దులుపుకుంటూ ఆయన ఇంకో మాట అన్నాడు. "మీ అన్నగారు ఆశతో రాశారు, మీరు భయంతో రాశారు. పట్టిక మాత్రం ఇద్దరూ చదవలేదు."

నీతి: వస్తువుని చేతిలో పెట్టుకుని పట్టిక చదవాలి గానీ, సుంకం అంకె చూసుకుని వస్తువుకి పేరు పెట్టకూడదు.

చెప్పినంత తేలిక కాదిది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకి అభయశాసనం వేయించాడు. ఏ సరుకుకి ఎంత సుంకమో అందులో చెక్కించాడు. అందులో ఉన్నవి చందనం, కర్పూరం, దంతం లాంటివి. కర్పూరాన్ని చందనం అని ఎవరూ పొరబడరు. ఇప్పటి పెట్టెలో బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కలు నాలుగుంటే, నాలుగూ నాలుగు శీర్షికల్లోకి పోవచ్చు. 1988 నుంచి అమల్లో ఉన్న హార్మనైజ్డ్ సిస్టమ్ ప్రకారం సరుకు కోడ్‌లో మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతా ఒకటే. మనం ఇంకో రెండు చేర్చి ఎనిమిది చేసుకున్నాం.

అన్న వాదం మరీ తెలివితక్కువదేం కాదు, చాలామంది చేసేదే. దానికి జవాబు సుంకాల పట్టిక పదహారో సెక్షన్ రెండో నోట్‌లో ఉంది. ఒక భాగానికి 84, 85 అధ్యాయాల్లో సొంతంగా శీర్షిక ఉంటే, అది ఏ యంత్రంలో బిగించేదైనా సరే, ఆ సొంత శీర్షికలోకే పోతుంది. విడిభాగం అన్న వాదన ఆ గడప దాటాకే. స్క్రూల లాంటి సాధారణ వాడుక సామాన్లని అదే సెక్షన్ మొదటి నోట్ ముందే బయటికి తోసేసింది. ఖాళీ గూడు విషయంలో మాత్రం పెద్దాయన తేల్చినంత సులువుగా అన్నిసార్లూ తేలదు. పూర్తిగా ఇన్సులేటింగ్ పదార్థంతో చేసిన అమరికలకి 8547 అని వేరే శీర్షిక ఉంది. అటువైపు లాగేవాళ్లూ ఉంటారు.

నాకు తమ్ముడి మీదే ఎక్కువ జాలి. ఎక్కువ కట్టేస్తే ఎవరూ అడగరన్నది మన వ్యాపారుల్లో పాతుకుపోయిన నమ్మకం. కానీ అలా ఎక్కువ కట్టింది వెనక్కి రావాలంటే ముందు ఆ అసెస్‌మెంటునే సవాలు చేసి మార్పించుకోవాలని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఊరికే రీఫండ్ దరఖాస్తు పడేస్తే చెల్లదు. 2011 నుంచి సుంకం లెక్కగట్టుకునే బాధ్యత దిగుమతిదారు నెత్తినే ఉంది. తక్కువ కట్టినట్టు తేలితే కస్టమ్స్ శాఖ మామూలుగా రెండేళ్ల లోపు నోటీసు ఇవ్వొచ్చు. కావాలని దాచారంటే అయిదేళ్లు. అలాగని ఏ అధికారి ఏ శీర్షిక చెబితే దానికల్లా తలూపక్కర్లేదు. వేరే శీర్షికలో వేయాలని శాఖ అంటే, అది రుజువు చేయాల్సిన భారం శాఖదే.

సందేహం ఉన్నవాళ్లకి, ఏ శీర్షికో ముందే తేల్చుకునే అడ్వాన్స్ రూలింగ్ దారి తెరిచే ఉంది. సరుకు తెప్పించక ముందే ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్న అథారిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. చట్టంలో గానీ సరుకులో గానీ మార్పు రాకపోతే ఆ రూలింగ్ కొన్నేళ్లపాటు చెల్లుతుంది. అయితే చెల్లేది అడిగినవాడికే. పక్క షెడ్డువాళ్లు అదే సరుకుని అదే ఫ్యాక్టరీ నుంచి తెప్పించినా తమ అర్జీ తాము పెట్టుకోవలసిందే.