ముందు పైబట్ట, తర్వాతే బోధ



దివిసీమ ఉప్పెన అనగానే మన కోస్తా వాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. 1977 నవంబర్ 19, శనివారం. కృష్ణానది రెండు పాయల మధ్య, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ సీమ మీదికి తుపాను సముద్రాన్నే తోసుకొచ్చింది. నీళ్లు తాటిచెట్టంత ఎత్తున లేచాయని బతికి బయటపడ్డవాళ్లు చెబుతారు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. కోతకు సిద్ధంగా ఉన్న వరి ఉప్పునీట మునిగింది. గొడ్డూగోదా మిగల్లేదు, బావుల్లో నీళ్లు నోట పెట్టుకునేట్టు లేవు. లెక్కల్లో చచ్చిపోయినవాళ్లు 10 వేల మంది. అంతకన్నా ఎక్కువేనని ఆ సీమవాళ్లు ఇప్పటికీ అంటారు.

ఆ తర్వాత తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టారు. హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు ఆస్తులు ఎంత పోయినా ప్రాణాలు చాలావరకు దక్కాయంటే కారణం అదే. ఇదంతా మంచి పనే. కానీ షెల్టర్ శరీరాన్ని కాపాడుతుంది. నీళ్లు తీసిన తర్వాత, పడిపోయిన ఇంటి ముందు నిలబడ్డ మనిషి లోపల కూలిపోయేది ఒకటుంది. దాని సంగతి ఎవరు చూస్తారు?

సాయం వచ్చిన మొదటి రోజుల్లో అది బయటపడదు. బియ్యం లారీ వస్తుంది, పాలప్యాకెట్లు వస్తాయి, చుట్టాలు వస్తారు, పరిహారం కాగితాలకు తిరగాలి. మనిషి పరుగులోనే ఉంటాడు. నెల తర్వాత, రెండు నెలల తర్వాత లారీలు ఆగిపోతాయి, చుట్టాలు వెళ్లిపోతారు. అప్పుడు మొదలవుతుంది. అన్నం సయించదు. నిద్ర పట్టదు, పట్టినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. పిల్లలు పిలిచినా పలకబుద్ధి కాదు. గాలి కాస్త గట్టిగా వీస్తే గుండె దడదడ. ఏ పని మొదలుపెట్టినా ‘ఎవరికోసం’ అనిపిస్తుంది. మన పల్లెల్లో దీన్ని బెంగ అన్నారు, దిగులు అన్నారు, గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇప్పుడు డిప్రెషన్ అంటున్నాం, కుంగుబాటు అంటున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగితే నీళ్లు కొద్దిరోజుల్లో పోయాయి. ఇల్లు కడుక్కోవచ్చు. ఇంట్లోకి నీళ్లొచ్చిన ఆ రాత్రి మనసులోంచి అంత తొందరగా పోదు.

ఈ సందర్భంలో మన ధమ్మం ఏం చెబుతుంది? అంతా అనిత్యం, ఏడవకు అని చెబుతుందా? చాలామంది ఉపాసకులు అదే అనుకుంటారు. పరామర్శకు వెళ్లి అదే చెప్పి వస్తారు. పటాచార కథను జాగ్రత్తగా చదివితే భగవానుడు అలా మొదలుపెట్టలేదని తెలుస్తుంది.

పటాచార శ్రావస్తిలో ధనవంతుల ఇంటి పిల్ల. ఇంట్లో పనిచేసే అతన్ని ఇష్టపడి అతనితో దూరపు పల్లెకు వెళ్లిపోయింది. రెండో కాన్పుకైనా పుట్టింటికి పోవాలని బయల్దేరింది. దారిలో తుపాను, దారిలోనే నొప్పులు. తలదాచుకోవడానికి కొమ్మలు నరికి తెస్తానని వెళ్లిన భర్త పాముకాటుకు చనిపోయాడు. రాత్రంతా ఆమె మోకాళ్ల మీద, చేతుల మీద వంగి, తన ఒళ్లే గొడుగుగా ఇద్దరు పిల్లల్నీ వానకు తడవకుండా కాపాడింది. తెల్లారాక భర్త శవం చూసింది. ముందుకు నడిస్తే అచిరవతి నది పొంగి ఉంది. ఇద్దరినీ ఒకేసారి ఎత్తుకుని దాటే సత్తువ లేదు. పెద్దవాణ్ణి ఈ ఒడ్డున ఉంచి, పసిగుడ్డును అవతలి ఒడ్డున పడుకోబెట్టి తిరిగొస్తుంటే, ఏటి మధ్యలో ఉండగా గద్ద వచ్చి పసివాణ్ణి తన్నుకుపోయింది. దాన్ని అదిలించాలని ఆమె చేతులెత్తి కేకలు వేసింది. అమ్మ పిలుస్తోందనుకుని పెద్దవాడు నీళ్లలో దిగాడు. వాడూ పోయాడు. ఇక మిగిలింది పుట్టిల్లు. దారిలో ఎదురైన మనిషిని అడిగితే, ఆ ఒక్క ఇంటి సంగతి తప్ప ఇంకేదైనా అడగమ్మా అన్నాడు. రాత్రి గాలివానకు ఆ ఇల్లు కూలి అమ్మ, నాన్న, అన్న ముగ్గురూ పోయారు, ఒకే చితి మీద కాలుతున్నారు, అదిగో పొగ.

ఇది తుపాను బాధితురాలి కథ. రెండు రోజుల్లో ఆరుగురు.

ఒంటి మీద బట్ట జారిపోయినా ఆమెకు తెలియలేదు. జనం పిచ్చిదని మట్టిగడ్డలు విసిరారు. జేతవనంలోకి వస్తుంటే అక్కడివాళ్లు అడ్డుపడబోయారు. భగవానుడు ఆపవద్దన్నాడు, దగ్గరికి రానిచ్చాడు. ఆమెను చెల్లెలిగా సంబోధించి, తెలివి తెచ్చుకోమన్నాడు, అంతే. ఆ పిలుపుతో తన ఒంటి సంగతి ఆమెకు తెలిసి ముడుచుకుపోయింది. సభలో ఒకతను తన పైబట్ట విసిరాడు. ఆమె కప్పుకుంది. తర్వాత జరిగిందంతా తానే చెప్పుకుంది. ఆమె చెప్పడం అయ్యాకే సంసారం గురించి, ఎన్ని జన్మల కన్నీళ్లు కలిస్తే ఎన్ని సముద్రాలో, ఆ మాట వచ్చింది.

వరస గమనించారా? రానివ్వడం. పిలవడం. బట్ట. వినడం. చిట్టచివర బోధ. ఆ పైబట్ట విసిరిన మనిషి పేరు కథలో లేదు. మన సంఘాల్లో ఉపన్యాసకులకు లోటు లేదు కానీ, నాకు మాత్రం ఆ మనిషి మీదే గౌరవం ఎక్కువ.

ఆళవిలో ఒక పేద రైతు సంగతీ ఇలాంటిదే. తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి ఆకలితో సభకు ఆలస్యంగా వచ్చాడు. భగవానుడు అతని కోసమే ఆగాడు. ముందు అతనికి అన్నం పెట్టించి, కడుపు చల్లబడ్డాక మొదలుపెట్టాడు. ఆకలిని మించిన రోగం లేదన్నది ఆయన మాట. పునరావాస శిబిరానికి వెళ్లే ధమ్మ కార్యకర్తలు పుస్తకాల కట్ట కన్నా ముందు దుప్పట్లు, మంచినీళ్లు, ఆడవాళ్లకు కావలసిన గుడ్డలు పట్టుకెళ్లాలి. ఇంకో సంగతి. ‘ఏం జరిగిందో చెప్పు, చెబితే బరువు తగ్గుతుంది’ అని బలవంతంగా తవ్వకండి. పటాచార తనంతట తాను చెప్పింది. చెప్పే దాకా పక్కన కూర్చోవడమే మన పని.

ఇక కర్మ. ఊరంతా పోయినచోట నిలబడి, ‘పూర్వజన్మలో ఏం పాపం చేశారో’ అనేవాళ్లున్నారు. బౌద్ధులమని చెప్పుకునేవాళ్లలో కూడా ఉన్నారు. మోళియ శివకుడు అనే పరివ్రాజకుడు సరిగ్గా ఇదే అడిగాడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని. కాదన్నాడు భగవానుడు. పిత్తం వల్ల వచ్చే బాధలున్నాయి, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఆ మూడూ కలవడం వల్ల, రుతువుల మార్పు వల్ల, అజాగ్రత్త వల్ల, పైనుంచి పడ్డ దెబ్బ వల్ల, కర్మ వల్ల. ఎనిమిది కారణాల్లో కర్మ ఒకటి. అంతా కర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్ని, లోకమంతా చూస్తున్నదాన్ని దాటిపోయి మాట్లాడుతున్నారన్నాడు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టడానికి ఒక తల్లి చేసిన పాపం కారణం కాదు. ఆ తల్లితో ఈ మాట స్పష్టంగా చెప్పండి. చాలామంది అడగలేక లోపలే కుమిలిపోతుంటారు.

కుమిలిపోవడానికి ఇంకో కారణం ఉంది, అది మరీ లోతైనది. ‘నేను చెయ్యి వదలకుండా ఉంటే...’ ఉప్పెనలో చేతిలోంచి చెయ్యి జారిపోయినవాళ్లు, ఒక బిడ్డను పట్టుకుని ఇంకో బిడ్డను పట్టుకోలేకపోయినవాళ్లు జీవితాంతం మోసే బరువు ఇది. పటాచార చేతులు ఊపింది, దాన్ని చూసే పెద్దవాడు నీళ్లలోకి దిగాడు. ఎంత నిప్పు ఉండి ఉంటుందో ఆమె గుండెలో! కానీ భగవానుడు ఆమెతో మాట్లాడినంతసేపూ అలా ఎందుకు చేశావన్న ప్రశ్నే రాలేదు. పసిబిడ్డను కాపాడాలని ఎత్తిన చేతులవి. ధమ్మంలో చేతన, అంటే మనసులో ఉన్న సంకల్పమే కర్మ. ఆ చేతుల్లో ఉన్నది ప్రేమ. మీ చేతుల్లో ఉన్నదీ అదే.

సల్ల సుత్తంలో రెండు బాణాల ఉపమానం ఉంది. మొదటి బాణం తగిలిన మనిషికి దాని మీదే రెండో బాణం తగులుతుంది. మొదటిది జరిగిన నష్టం, రెండోది దాని చుట్టూ మనసు అల్లుకునే చిత్రహింస. ఉపమానం గొప్పది. అయితే దెబ్బతిన్నవాడి ముందు కూర్చుని ‘రెండో బాణం నువ్వే వేసుకుంటున్నావు’ అనడం మూడో బాణం వేయడమే అవుతుంది. అది ఎవరికి వారు, కాస్త కుదుటపడ్డాక, తమ లోపల చూసుకోవలసిన మాట.

అదే సుత్తంలో జనం పెద్దగా పట్టించుకోని ముక్క ఒకటుంది. బాధ నుంచి బయటపడే వేరే దారి తెలియక మనిషి ఇంద్రియ సుఖం వైపు పరుగెడతాడని. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే సారా కొట్టు. ఆడవాళ్లు ఏడుస్తారు, కనీసం ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. మగవాడు ఏడిస్తే నామోషీ, అందుకని తాగుతాడు. తాగినవాణ్ణి తిట్టి వదిలేస్తాం. పరిహారం డబ్బు తాగేశాడని ఊరంతా చెప్పుకుంటుంది, వాడు కుంగిపోయాడని ఎవరూ అనరు. ఐదో శీలాన్ని అలాంటివాడికి నిందగా గుర్తుచేయకండి. సాయంత్రం ఆ వేళకు వాడింటికి వెళ్లి కూర్చోండి. కలిసి టీ తాగండి. తుపాను సంగతి ఎత్తక్కర్లేదు, వల బాగుచేసుకుంటుంటే ఓ చెయ్యి వేయండి.

ధ్యానం గురించి ఒక హెచ్చరిక. ఆనాపానం మంచిదే, కానీ నీళ్లలో ఊపిరాడక బతికినవాణ్ణి కళ్లు మూసుకుని శ్వాసను గమనించమంటే ఆ రాత్రే తిరిగి రావచ్చు. వాళ్లకు చంక్రమణం, అంటే నెమ్మదిగా నడవడం మేలు. కళ్లు తెరిచే ఉంచి, కింద నేల ఉంది, అరికాలికి తగులుతోంది, గట్టిగా ఉంది అని గమనిస్తూ పది అడుగులు అటు, పది అడుగులు ఇటు. భయం పెరిగితే ఆపేయాలి. తీవ్రంగా కుంగిపోయినవాళ్లను పది రోజుల మౌన శిబిరానికి పంపేయకండి. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

డాక్టర్ అనగానే ‘ధమ్మం మీద నమ్మకం చాల్లేదా’ అనే ప్రశ్న వస్తుంది. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువును ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి మంచం మీద పడుకోబెట్టిన గురువు మనకున్నాడు. రోగికి సేవ చేస్తే తనకు చేసినట్టే అన్నాడు. సంఘానికి మందులు అనుమతించాడు. దిగులు రెండు వారాలు దాటి రోజూ ఉంటే, తిండీ నిద్రా పోతే, చేసే పని చేయలేకపోతే అది మందుతో, మాటతో నయమయ్యే జబ్బు. చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకండి. ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

శవం దొరకనివాళ్ల దుఃఖం వేరు. దివిసీమలో ఎందరో సముద్రంలోనే కలిసిపోయారు, దొరికినవాళ్లను ఎవరు ఎవరో తెలియకుండానే సామూహికంగా దహనం చేయాల్సి వచ్చింది. కరోనా రోజుల్లోనూ కడసారి చూపు దక్కని ఇళ్లు ఎన్నో. చూడని చావును మనసు చావుగా ఒప్పుకోదు, గుమ్మం వైపు చూస్తూనే ఉంటుంది. వాళ్ల కోసం చిన్న పుణ్యానుమోదన చేయండి. ఒక పళ్లెం, ఒక చెంబు నీళ్లు. పోయినవాళ్ల పేరు పైకి చెప్పి, చేసిన దానం పుణ్యం వారికి చెందాలని కోరుకుంటూ నీళ్లు ధారగా పోయాలి. ఆ ఇంట్లో చాలాకాలంగా ఎవరూ పలకని పేరు అప్పుడు వినపడుతుంది. ఏడుపొస్తే రానివ్వండి. ఏటా ఆ తేదీ దగ్గరపడే కొద్దీ, కారణం తెలియకుండానే ఒళ్లు బరువెక్కి నిద్ర చెడేవాళ్లు ఉంటారు. ఈ నీళ్లు వదలడం ఆ రోజున పెట్టుకుంటే, ఆ బాధకు కూర్చోవడానికి ఓ చోటు దొరుకుతుంది.

దివిసీమకు దగ్గర్లోనే ఘంటసాల స్తూపం ఉంది. కృష్ణ అవతల భట్టిప్రోలు. రెండు వేల ఏళ్ల కిందట ఆ తీరంలో ధమ్మం విన్న జనానికి కూడా తుపాన్లు కొత్త కాదు. వాళ్ల ఇళ్లలో పటాచార కథ చెప్పుకునే ఉంటారని నా ఊహ.

ఆమె తర్వాత భిక్షుణి అయింది. ఒకరోజు కాళ్లు కడుక్కుంటే ఆ నీళ్లు కొంత దూరం పారి ఇంకిపోయాయి. మళ్లీ పోస్తే ఇంకొంచెం దూరం, మళ్లీ పోస్తే మరికొంచెం. బిడ్డను మింగిన నీరే ఇప్పుడు కాళ్ల దగ్గర పారుతుంటే ఆమె దాన్ని చూస్తూ నిలబడగలిగింది. రాత్రి దీపం పట్టుకుని గదిలోకి వెళ్లి, పక్క చూసుకుని, మంచం మీద కూర్చుని, సూదితో వత్తిని కిందికి లాగింది. ఆమె మనసు విముక్తమైంది అప్పుడే. థేరీగాథల్లో పటాచార దగ్గరికి వచ్చిన ఆడవాళ్ల మాటలు కూడా ఉన్నాయి. బిడ్డలు పోయి, ఎటు పోవాలో తెలియక వచ్చినవాళ్లు. బట్ట జారిపోయిన సంగతి కూడా తెలియకుండా జేతవనంలోకి వచ్చిన మనిషి దగ్గరికే వాళ్లంతా వచ్చారు.