మనుషులు లేని బాట

ప్రకృతి దృశ్యాలు గీసే చిత్రకారుణ్ణి అభ్యుదయవాదులు మొదటినుంచీ కొంత అనుమానంగానే చూశారు. కూలివాణ్ణి గీసినవాడు మనవాడు. సమ్మెను గీసినవాడు మనవాడు. నదిమీద పొద్దుగుంకడం గీసినవాడు మాత్రం యెవరివాడో తేల్చుకోవలసిన మనిషి. ఈ అనుమానం వూరికే పుట్టలేదు. పొలం కావాలి గాని పొలంలో వంగిన నడుము కంటబడకూడదనుకునేవాడికి దృశ్యచిత్రం చాలా అనుకూలమైన సరుకు. కలవారి హాళ్ళలో గోడలకు వేలాడే పటాల్లో యెక్కువ భాగం చెట్లూ, చెరువులూ, మబ్బులూ కావడం కాకతాళీయం కాదు.

అయినా ప్రశ్న అంతటితో తేలదు. మనిషిని గీయకపోవడమూ, మనిషిని దాచెయ్యడమూ వొకటేనా? దీన్ని గాలిలో చర్చించి లాభం లేదు గనక వొక చిత్రకారుడి జీవితాన్ని, ముఖ్యంగా అతని చిత్రం వొకదాన్ని, దగ్గర పెట్టుకుని ఆలోచిస్తాను.

ఐజాక్ లెవితాన్ 1860లో, ఇప్పుడు లిథువేనియాలో వున్న కిబార్తాయ్ అనే చిన్న వూళ్ళో, పేద యూదుల కుటుంబంలో పుట్టాడు. కుటుంబం మాస్కో చేరింది. 1873లో అక్కడి చిత్ర, శిల్ప, వాస్తు కళల పాఠశాలలో చేరాడు. 1875లో తల్లి, 1877లో తండ్రి చనిపోయారు. తలదాచుకునే చోటు లేక రాత్రిళ్ళు పాఠశాల గదుల్లోనే కాపలావాడి కంటబడకుండా పడుకునేవాడు. ఆ పాఠశాలలో దృశ్యచిత్రణ నేర్పినవాడు సవ్రాసోవ్. అంతకుముందు రష్యాలో దృశ్యచిత్రమంటే చాలావరకు ఇటలీ తీరాలూ, శిథిల స్తంభాలూనూ. సవ్రాసోవ్ 1871లో మురికిపట్టి కరుగుతున్న మంచునీ, వంకర చెట్లనీ, వాటిమీద గూళ్ళు కట్టుకుంటున్న కాకిజాతి పక్షుల్నీ గీశాడు. తన దేశపు బురద కూడా చూడదగ్గదే అని చెప్పిన ఆ చిత్రాన్ని నేను చిన్న విప్లవంగానే లెక్కిస్తాను.

1879లో జారు రెండో అలెగ్జాండరుపై హత్యాయత్నం జరిగాక మాస్కోనుంచి యూదులను వెళ్ళగొట్టారు. లెవితాన్ పద్దెనిమిదేళ్ళవాడు. నగరం బయట సల్తికోవ్కా అనే వూళ్ళో తలదాచుకున్నాడు. ఆ యేడే సొకోల్నికి వనంలో శరత్కాలపు దారిని వొకదాన్ని గీశాడు. మరుసటి యేడు ట్రెత్యకోవ్ దాన్ని కొన్నాడు. ఆ దారిలో నల్లబట్టలు కట్టుకున్న స్త్రీ వొకతె నడిచి వస్తూ వుంటుంది. ఆమెను గీసింది లెవితాన్ కాదు, అతని సహాధ్యాయి నికొలాయ్ చెహోవ్, రచయిత చెహోవుకు అన్న. మనుషులను గీయడానికి లెవితాన్ చెయ్యి మొదటినుంచీ వెనకాడేది.

అతను చేరిన బృందం సామాన్యమైనది కాదు. 1870లో యేర్పడిన సంచార చిత్రప్రదర్శనల సంఘం పీటర్స్‌బర్గ్ అకాడమీ పెత్తనాన్ని కాదని తన చిత్రాలను బళ్ళకెత్తి మాస్కో, కీవ్, హార్కోవ్ వంటి పట్టణాలకు తిప్పింది. మన ప్రజానాట్యమండలి దళాలు 1940లలో వూళ్ళు తిరిగిన సంగతి దీన్ని చదువుతున్నప్పుడు గుర్తుకు రాక మానదు. కాని పోలికను మరీ సాగదియ్యకూడదు. ఆ ప్రదర్శనలకు టిక్కెట్టు వుండేది. చిత్రాలు పట్టణం దాకా వచ్చాయి గాని రైతు గుడిసె దాకా రాలేదు.

ఈ సంఘంలో అందరికన్నా పేరున్నవాడు రేపిన్. 1870లో వోల్గా వెళ్ళి, రొమ్ములకు పట్టీలు బిగించుకుని పడవలను యెగువకు లాగే పదకొండుమంది కూలీలను గీసుకుని వచ్చి 1873 నాటికి ఆ చిత్రాన్ని పూర్తిచేశాడు. లెవితాన్ కూడా వోల్గాకే వెళ్ళాడు. 1887లో మొదటి ప్రయాణం నిరాశపరిచింది, వాన, బూడిదరంగు నీళ్ళు. 1888 నుంచి మూడు వేసవులు ప్లియోస్ అనే చిన్న రేవులో గడిపాడు. 1889 నాటి చిత్రంలో కొండమీదనుంచి కనిపించే తెల్లని చర్చి, ఎర్రకప్పు ఇల్లు, సాయంకాలపు పొగమంచు కింద కరిగిపోతున్న నది వున్నాయి. అదే నది. అంతకు రెండు దశాబ్దాలైనా ముందు కాదు, వొక మనిషి ఆ గట్టునే గుర్రాల్లా నడిచే మనుషులను చూశాడు. మరొకడు బంగారు వెలుతురును చూశాడు.

అభియోగం యిక్కడ చాలా బలంగా వుంది. దాన్ని యింకా బలం చెయ్యవచ్చు. ట్రెత్యకోవులకు బొమ్మలు కొనే డబ్బు యెక్కడిది? వారి నారబట్టల మిల్లు కొస్త్రోమాలో వుంది. కొస్త్రోమా వోల్గా వొడ్డునే, ప్లియోసుకు యెగువన వున్న నగరం. లెవితాన్ 1890 దశకంలో పనిచేసిన స్టూడియో యెవరిది? సెర్గీ మొరోజోవ్ ఇచ్చినది. అతని తండ్రి తిమొఫేయ్ మొరోజోవ్ మిల్లులో 1885 జనవరిలో దాదాపు యెనిమిది వేలమంది కార్మికులు సమ్మె చేశారు. కూలిలోంచి జుర్మానాల పేరిట కోసుకున్నది భరించలేకనే ఆ సమ్మె. ఆ పోరాటం ఫలితంగా 1886లో జుర్మానాలకు హద్దులు పెడుతూ చట్టం వచ్చింది. అంటే, మంచి వెలుతురు వచ్చే ఆ పెద్ద గదికి పునాదులు కొంతవరకు జుర్మానా కోపెక్కులే.

ఇవి తెలిసి కూడా చిత్రాన్ని నిష్కళంకంగా చూడమనేవాడి మాట నేను వినను. అయితే డబ్బు మూలం చెప్పేశాక చిత్రం గురించి చెప్పడానికి యింకేమీ మిగలదనుకోవడం కూడా పొరపాటే. మన విమర్శలో ఈ పొరపాటు చాలాసార్లు జరిగింది. ఆ గదిలో కూర్చుని అతను యేం చేశాడన్నది వేరే విచారించాలి. అతని పద్ధతి యిది: వేసవంతా తిరిగి చిన్న చిన్న అధ్యయనాలు గీసుకోవడం, చలికాలం స్టూడియోలో వాటినుంచి పెద్ద చిత్రం కట్టడం. 1894 నాటి పెద్ద చిత్రం, శాశ్వత శాంతిపైన అనే పేరుగలది, యెడల్పు రెండు మీటర్ల పైచిలుకు. అందులోని సరస్సు ట్వేర్ ప్రాంతంలోది, కొండ అంచున వున్న కొయ్య చర్చి ప్లియోస్‌లోది. ఆ చోటు యే పటంలోనూ లేదు. దృశ్యచిత్రం కంటికి కనపడినదానికి నకలు కాదు. యేది వుంచాలో యేది తీసెయ్యాలో నిర్ణయించే పని స్టూడియోలో జరుగుతుంది. నిర్ణయం వున్నచోట బాధ్యత కూడా వుంటుంది. మనిషిని తీసేసింది పొగమంచు కాదు, చిత్రకారుడు.

ఇప్పుడు నేను చెప్పదలచిన చిత్రానికి వస్తాను. 1892 వేసవిలో లెవితాన్ మాస్కోకు తూర్పున వ్లదీమిర్ ప్రాంతంలో, బోల్దినో అనే చోట వున్నాడు. వెంట వున్న చిత్రకారిణి కువ్షిన్నికోవా తరవాత ఆ సంగతి రాసింది. వొకనాడు వేటనుంచి తిరిగివస్తూ వాళ్ళు వొక పాత రాజబాట మీదికి వచ్చారు. అడివికీ పొలాలకీ మధ్యగా ఆకాశం అంచుదాకా పోతున్న ఆ బాట ప్రశాంతంగా, చాలా అందంగా కనిపించింది. అంతలో లెవితానుకు తట్టింది: ఇది వ్లదీమిర్కా. సంకెళ్ళు వేసిన ఖైదీలను తరతరాలుగా సైబీరియాకు నడిపించుకుపోయిన బాట.

ముందు అందం, తరవాత జ్ఞానం. ఈ వరస నాకు ముఖ్యంగా తోస్తుంది. అది యే బాటో తెలియకముందు చిత్రం గీసివుంటే అతనిది అమాయకత్వం. తెలిశాక గీయకుండా వచ్చేసివుంటే అది జాగ్రత్త. అతను మర్నాటినుంచి కాన్వాసు పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు, కొద్ది రోజుల్లో అక్కడే ముగించాడు.

చిత్రం పెద్దది కాదు, 79 సెంటీమీటర్ల యెత్తు, 123 వెడల్పు. సగానికి పైగా బూడిదరంగు ఆకాశం. మధ్యలో బాట, దాని పక్కపక్కనే కాలినడకతో పడిన సన్నని దారులు. కుడివైపు కొయ్య కప్పుగల శిలువ వొకటి, దాని దగ్గర చుక్కంత యాత్రికురాలు. దూరాన తెల్లని చర్చి. సంకెళ్ళు లేవు, సిపాయిలు లేరు, ఖైదీలు లేరు. అసలప్పటికి ఖైదీలు ఆ దారిన నడవడం చాలావరకు ఆగిపోయింది కూడా. 1862లో మాస్కోనుంచి నీజ్నీ నోవ్‌గొరోద్ దాకా రైలు పడ్డాక వాళ్ళను రైల్లోనే యెక్కించేవారు. కనక లెవితాన్ గీసింది కళ్ళెదుట జరుగుతున్న అన్యాయాన్ని కాదు. నేల మరచిపోని అన్యాయాన్ని గీశాడు.

దీనికి వొక గట్టి ఆక్షేపణ వుంది. పేరు చెప్పకపోతే యిది వట్టి బాట. చూసేవాడికి ఖైదీల సంగతి తెలియకపోతే దుఃఖం యెక్కడిది? చిత్రం చెయ్యవలసిన పని చిత్రం కింది చీటీ చేస్తున్నది గదా? ఈ ఆక్షేపణను కొట్టిపారెయ్యడం నాకు చాతకాలేదు. నిజమే, చీటీ లేనిదే చిత్రం సగం మూగది. కాని ఆనాటి రష్యన్‌కు ఆ పేరు పుస్తకంలో చదివిన సమాచారం కాదు, పాటల్లోనూ వీడ్కోళ్ళలోనూ విన్నది. అలాంటి చూపరికి పక్కదారులు వట్టి గీతలుగా కనపడవు. చక్రాలకు బాట వదిలి కాళ్ళు పక్కకు జరిగిన జాడలు అవి. రేపిన్ తన కూలీల ముఖాలు మనకు చూపించి జాలిపడమన్నాడు. లెవితాన్ ఆ ఖాళీని చూపించి, ఇక్కడెవరు నడిచారో నీకు తెలుసు గదా అన్నాడు. రెండోది మొదటిదానికన్నా గొప్పదని నేననను. దానికి చూసేవాడి జ్ఞాపకం తోడు కావాలి, అది లేనిచోట ఆ చిత్రం వోడిపోతుంది. అతని స్నేహితుడు చెహోవ్ 1890లో సహాలిన్ ద్వీపానికి వెళ్ళి ఖైదీలను వొక్కొక్కరినే కార్డుల మీద లెక్క రాసుకున్నాడు. లెక్కా కావాలి, బాటా కావాలి. వొకటి చేసినవాణ్ణి రెండోది చెయ్యలేదని నిందించడం నాకు న్యాయంగా తోచదు.

ఆ బాట గీసిన కొద్ది వారాలకే మాస్కోనుంచి యూదులను పంపించే ఉత్తర్వు లెవితాన్‌కూ తగిలింది. 1892 సెప్టెంబరులో నగరం విడిచి, మళ్ళీ బోల్దినోకే, అంటే ఆ వ్లదీమిర్ ప్రాంతానికే పోవలసి వచ్చింది. పలుకుబడిగల స్నేహితులు తంటాలు పడితే డిసెంబరుకు తిరిగిరానిచ్చారు. ట్రెత్యకోవ్ తన చిత్రశాలను మాస్కో నగరానికి దానం చేసింది కూడా 1892లోనే. లెవితాన్ చిత్రాలకు మాస్కోలో శాశ్వత నివాసం దొరికింది, లెవితాన్‌కు పోలీసు అనుమతి దొరకలేదు. 1894లో అతను వ్లదీమిర్కా చిత్రాన్ని ఆ చిత్రశాలకు డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు.

యిక్కడ మనకొక ప్రలోభం వుంది. అతని కష్టాలు చెప్పి అతని ప్రతి బిర్చి చెట్టునూ నిరసనగా అర్థం చెప్పేయవచ్చు. అది కూడా అబద్ధమే. 1895లో గీసిన మార్చి చిత్రంలో యింటి గుమ్మం ముందు స్లెడ్జికి కట్టిన గుర్రం, నీలినీడలు పడిన మంచు, పసుపు గోడమీద యెండ, అంతే. చూసినవాడికి సంతోషం కలుగుతుంది, మరేమీ కలగదు. ఆ చిత్రానికి నేనే సందేశమూ అంటగట్టదలచలేదు. వెళ్ళగొట్టబడినవాడు గనక అతని సంతోషాన్ని క్షమించవచ్చు అనడం కూడా అవమానమే. యెండను చూసి సంతోషించడానికి మనిషి ముందుగా కష్టాల పట్టిక దాఖలు చెయ్యాలా? అలా అడిగే అధికారం మనకెవరిచ్చారు? కష్టజీవికి కావలసింది తన కష్టం గీసిన బొమ్మ వొక్కటే అనుకోవడం, వాడి కళ్ళను వాడి పొట్టకు బంట్రోతును చెయ్యడం.

అయితే ఈ అనుమతి అంతులేనిది కాదు. ప్లియోస్ లెవితాన్ చిత్రాలవల్ల పేరుపొంది తరవాత నగరవాసులు వేసవిలో విడిది చేసే వూరైంది. అందమైన చిత్రం ఆ చోటికి ప్రకటన అవుతుంది. అది చిత్రకారుడు వుద్దేశించిన పని కాకపోవచ్చు, కాని జరిగే పనే. మన దగ్గర దీనికి చాలా సమీపమైన వుదాహరణ పాపికొండలు. గోదావరి మలుపులు, రెండు వైపులా నిటారుగా లేచిన పచ్చని కొండలు, పొద్దున్నే నీళ్ళమీద పొగ. ఆ దృశ్యాన్ని గీయని తెలుగు చిత్రకారుడు అరుదు. పోలవరం ముంపు కింద దేవీపట్నం మండలంలో వూళ్ళు ఖాళీ అయ్యాయి. వాటిలో కొండరెడ్లవీ కోయలవీ చాలా వున్నాయి. ఆ గట్టు యిప్పుడు నిజంగానే మనుషులు లేని దృశ్యం. ఇన్నాళ్ళూ చిత్రకారుడు సౌలభ్యం కోసం తీసేసిన మనుషులను ప్రాజెక్టు తీసేసింది. ఇలాంటిచోట ఖాళీ గట్టును అనాదినుంచీ ఖాళీగానే వున్నట్టు గీస్తే అది సౌందర్యం పేరుతో సాక్ష్యం తారుమారు చెయ్యడమే. నిషేధించవలసింది ఖాళీని కాదు. జాడలు తుడిచెయ్యడాన్ని.

మా కాలేజీలో బొమ్మలు వేసే కుర్రవాడు వొకడున్నాడు. లాంచీలో వెళ్ళివచ్చి నీటిరంగులతో ఆ గట్టునే వేసి తెచ్చి చూపించాడు. చెయ్యి మంచిది. నీళ్ళమీద కొండనీడ కదులుతున్నట్టే వుంది. నీడ పక్కన గట్టు వాలులో పాచిరంగు మెట్లలాంటివి నాలుగు గీతలున్నాయి. అవేమిటని అడిగాను. అక్కడ వున్నాయి గనక వేశాను మాస్టారూ, రేవుమెట్లేమో అన్నాడు. యే వూరి రేవు అన్నాను. తెలియదన్నాడు. లాంచీవాడు మైకులో పాటలు పెట్టాడు గాని వూరిపేరు చెప్పలేదట. నేను వ్లదీమిర్కా సంగతి చెప్పాను. వాడు కాసేపు వూరుకుని, అయితే వూరిపేరు తెలిసినంత మాత్రాన బొమ్మ మారుతుందా అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. మారకపోవచ్చు, ఆ నాలుగు గీతలు మాత్రం యింకొంచెం జాగ్రత్తగా వేస్తావేమో అన్నాను. పరీక్షలయ్యాక మళ్ళీ వెళ్ళివస్తానన్నాడు.